వరల్డ్ స్పైడర్ కాటలాగ్: పేర్లకు తిరుగులేదు, ఊళ్ళు మాత్రం వెతుక్కోవాలి

సాలీళ్ళంటే ఆసక్తి ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని నమ్మదగిన సైట్ ఇది. ఒకప్పుడు అమెరికాలో సాలీళ్ళ శాస్త్రవేత్త నార్మన్ ప్లాట్నిక్ ఏళ్ళ తరబడి కూర్చిన, ప్రపంచంలోని సాలీడు జాతుల పేర్ల జాబితా 2014లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నేచురల్ హిస్టరీ మ్యూజియం చేతికి వచ్చింది, 2022లో 50,000 జాతుల మార్కు దాటింది. పైసా కట్టక్కర్లేదు.

నేను ఎక్కువగా తెరిచేది పోయెసిలోథీరియా పేజీ. చెట్ల తొర్రల్లో బతికే ఈ టారంటులాలు (ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ళు) మన దేశంలో, శ్రీలంకలో తప్ప అడవుల్లో ఇంకెక్కడా ఉండవు. 1885లో సిమోన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) పెట్టాడు. ఇందులోని ఫాసియాటా అనే జాతి పక్కన దానికి పేరు పెట్టిన లాత్రై పేరు, పెట్టిన ఏడు 1804 బ్రాకెట్లో ఉంటాయి, అంటే ఆయన దాన్ని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని. మెటాలికా అనే ఇంకో జాతి పక్కన పోకాక్, 1899 అని బ్రాకెట్లు లేకుండా ఉంటుంది, అంటే అది మొదట్నుంచీ ఇక్కడిదే. ఎవరు ఎప్పుడు ఏ పేరు మార్చారో, ఏ పేరు ఇప్పుడు చెల్లదో వరసగా రాసి ఉంటుంది. ఇంత ఓపికగా చేసిన పని చూస్తే నిజంగా దండం పెట్టాలనిపిస్తుంది.

నాకు లోటుగా అనిపించేది ఎక్కడ దొరుకుతుందనే వరస. మెటాలికాకి ‘ఇండియా’ అని ఒక్క మాటే! మన అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన నీలం సాలీడు అది, కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని నిపుణుల అభిప్రాయం. ఎందుకంటే వందేళ్ళ తర్వాత 2001లో అది మళ్ళీ కనబడింది గుత్తిలో కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మొదట దొరికిన ఊరు, అసలు ఉండే అడవి వేరువేరని తెలియాలంటే దేశం పేరు చాలదు కదా, కనీసం రాష్ట్రమైనా వేస్తే బాగుండేది.

మెటాలికా అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా ఉందని ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లోనే చెప్పింది, 2019లో వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందమైన సైటిస్ ఈ ప్రజాతి మొత్తం వ్యాపారం మీద నియంత్రణ పెట్టింది. ఆ నీలం రంగు కోసం పెంచుకునేవాళ్ళు ఎగబడతారు కాబట్టి చెట్టు దాకా దారి చూపించమని నేనూ అడగను.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఉచితంగా అకౌంట్ తెరిస్తే పాత వ్యాసాల పీడీఎఫ్‌లు కూడా దొరుకుతాయి, ఊళ్ళ పేర్లు అసలు వాటిల్లోనే ఉంటాయి కాబట్టి ముందు ఆ పని చేయండి.