లైస్ చెక్క ఇళ్లు: కిటికీలకు పూర్తి మార్కులు, అనుకరించేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

స్విట్జర్లాండ్‌లో వాల్స్ ఊరికి పైన, సుమారు 1,500 మీటర్ల ఎత్తున లైస్ అనే చిన్న పల్లె ఉంది. ఆర్కిటెక్ట్ పీటర్ జుమ్‌టోర్ అక్కడ కట్టిన చెక్క ఇళ్లను సెలవులకు అద్దెకిస్తారు. పాత కొండ కట్టుబడిని ఈ కాలానికి ఇంత శుభ్రంగా తెచ్చిన ఇళ్లు అరుదు.

ఈ పద్ధతిని ష్ట్రిక్‌బౌ అంటారు, అంటే అల్లిక కట్టుబడి. దూలాలను అడ్డంగా పేర్చి, మూలల్లో సగానికి గాడి కోసి, ఒకదాంట్లో ఒకటి కూరుస్తారు. చిక్కంతా కిటికీతోనే. దూలం మధ్యలో తెగితే గోడ బలం పోతుంది, అందుకే పాత ఇళ్లకు చిన్న కిటికీలే ఉంటాయి. జుమ్‌టోర్ చిన్న గదులను అల్లిక పెట్టెల్లా కట్టి, పెట్టెల మధ్య ఖాళీని అద్దానికి వదిలారు. లోయంతా ఇంట్లోకి వచ్చేస్తుంది. అద్భుతమైన ఆలోచన!

దీన్ని చూసి కట్టేవాళ్లు దెబ్బతినేది మాత్రం కలప కుదింపు దగ్గర. స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్టు కలపలో తేమ 1 శాతం తగ్గితే దూలం మందం సుమారు 0.25 శాతం కుదించుకుంటుంది, పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. 18 శాతం తేమతో పేర్చిన 2.5 మీటర్ల గోడ 10 శాతానికి ఎండేసరికి 5 సెం.మీ. దిగుతుంది. తలుపు, కిటికీల నిలువు చట్రం, పైపు, పొగగొట్టం దిగవు. కాబట్టి చట్రం పైన 6 సెం.మీ. ఖాళీ వదిలి ఉన్ని కూరాలి. దాన్ని కప్పే పలకను పై దూలానికే బిగించాలి, చట్రానికి కాదు. ఆ ఖాళీలో గట్టి ఫోమ్ కొట్టి రెండు వైపులా స్క్రూలు వేస్తే గోడ బరువు చట్రం మీద పడుతుంది. తలుపు పట్టేస్తుంది, అద్దం పగులుతుంది, దూలాల మధ్య సందులు తెరుచుకుంటాయి. నిలువు పైపులకు జారే జాయింట్లు తప్పనిసరి.

చలి సంగతి: 20 సెం.మీ. దూలం గోడ ఒక్కటే అయితే యు విలువ (గోడ గుండా వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, తక్కువుంటే మేలు) 0.58 దగ్గర ఉంటుంది, ఇప్పటి ప్రమాణాలకు అది చాలదు. ఇన్సులేషన్, లోపల రెండో పొర కావాలి.

వాల్స్‌లో పైకప్పుకు రాతి పలకలే పరుస్తారు. 5 సెం.మీ. పలక చదరపు మీటరుకు 130 కిలోలు దాటుతుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఇంకా ఎక్కువ. వాసాలు ఆ లెక్కతో వేయాలి. ఆ బరువు దూలాలను అదిమి పట్టడం అదనపు లాభం.

మనాలీ వైపు కట్టదలచినవాళ్లు ముందు అక్కడి కాఠ్‌కుణీ ఇళ్లు చూడాలి. దూలాల మధ్య రాయి వరసలు ఉంటాయి కనుక ఆ గోడలో కుదించుకునే కలప తక్కువ.