లాబీలో, మెట్ల మీద ఆడే ఆటలకు నోడ్-రెడ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

బెంగళూరులో మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో మనవాళ్లు సంక్రాంతి, ఉగాది చేసుకుంటారు కదా, అక్కడ పిల్లలకు ట్రెజర్ హంట్ తయారుచేసేది మా ఫ్రెండ్స్ బ్యాచ్. కార్డును రీడర్ దగ్గర పెడితే మెట్ల లైట్ల రంగు మారుతుంది, లిఫ్ట్ పక్కన స్పీకర్ తర్వాతి పొడుపుకథ అడుగుతుంది. ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు. దీన్నంతా వెనకుండి నడిపేది నోడ్-రెడ్ అనే సాఫ్ట్‌వేర్.

2013లో ఐబీఎంలో మొదలై, ఆ ఏడాదే ఓపెన్ సోర్స్ అయింది. ఉచితం. బ్రౌజర్‌లో డబ్బాలు పేర్చి తీగలతో కలపడమే ప్రోగ్రామింగ్. దీన్ని నడపడానికి రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ సరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో కొన్న ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు, పరికరాల మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ పద్ధతిలో నోడ్-రెడ్‌కు కబుర్లు పంపుతాయి.

నేను దీన్ని వదలకపోవడానికి కారణం, చేసిన మార్పుల్ని అమల్లోకి తెచ్చే డిప్లాయ్ బటన్ పక్కనున్న చిన్న బాణం. మామూలుగా డిప్లాయ్ నొక్కితే అన్నీ ఆగి మళ్లీ మొదలవుతాయి, ఆట మధ్యలో అలా జరిగితే గోల గోలే. బాణం నొక్కి ‘మాడిఫైడ్ నోడ్స్’ ఎంచుకుంటే మార్చిన డబ్బాలు మాత్రమే కొత్తగా మొదలవుతాయి. పొడుపుకథ దగ్గర పిల్లలు బిక్కమొహం వేస్తే, అక్కడికక్కడే క్లూ టైమర్ తగ్గిస్తాను. వాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఏ టీమ్ ఎంతవరకు వచ్చిందన్న లెక్క మాత్రం మామూలుగా మెమరీలోనే ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రాస్‌ప్‌బెర్రీ పై ఆరిపోతే అదీ పోతుంది. లెక్క డిస్క్‌లో దాచేలా సెట్టింగ్స్ ఫైల్‌లో ‘లోకల్ ఫైల్‌సిస్టమ్’ పెట్టుకోవచ్చు కానీ, అది డిస్క్‌లోకి రాసేది 30 సెకన్లకోసారి. ఆ కంప్యూటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే ఈ టెన్షన్ ఉండదు.

బ్రౌజర్‌లో డబ్బాలు పేర్చే ఆ ఎడిటర్‌కు పాస్‌వర్డ్ మనమే పెట్టుకోవాలి. లేకపోతే అదే వైఫైలో ఉన్న ఎవరైనా బ్రౌజర్‌లో 1880 పోర్టు (ఎడిటర్ ఉండే చిరునామా) తెరిచి ఆట మార్చేయొచ్చు. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఆ పని చేయగలవాళ్లు అంతస్తుకు నలుగురుంటారు!

ఇద్దరు కలిసి పనిచేయాలంటే మాత్రం విసుగు. ఫ్లోలన్నీ, అంటే డబ్బాలు-తీగల అల్లికలన్నీ, ఒకే జేసన్ (టెక్స్ట్ డేటా) ఫైల్‌లో ఉంటాయి, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో ఇద్దరి మార్పుల్నీ మెర్జ్ చేయడం, అంటే కలపడం, నరకం. మేం ఎడిటర్‌లోని ట్యాబులు పంచుకుని, ఒకరి తర్వాత ఒకరం డిప్లాయ్ చేస్తాం.

లైట్ల మెరుపులు కూడా దీంతోనే చేయాలని చూడకండి. ఒక్కో రంగూ వైఫై మీద పంపితే తడబడుతుంది. బోర్డులో లైట్ల ఎఫెక్ట్‌లు నడిపే డబ్ల్యూఎల్‌ఈడీ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఏ ఎఫెక్ట్ ఎప్పుడు రావాలో మాత్రం నోడ్-రెడ్‌తో చెప్పిస్తే చాలు.