కనిగిరి దగ్గర మా తోటలో వేయించిన బోరు: బండి వాళ్ల పని గురించి

మా పాత బోరు రెండేళ్లు కూడా నిలవలేదు. అప్పుడు వేసినవాళ్లు కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే పైపు) 20 అడుగులకే ఆపేశారు. గుల్లరాయి కూలి మోటారు లోపలే ఇరుక్కుపోయింది. అందుకని ఈసారి రేటు కంటే ముందు కేసింగ్ ఎందాకా దింపుతారని అడిగాను. "గట్టి బండ తగిలి, అందులోకి ఇంకో మూడడుగులు దిగితేగానీ ఆపను బాబాయ్" అన్నాడు డ్రిల్లర్. ఆ మాట మీదే అడ్వాన్సు ఇచ్చాను.

అన్నట్టే చేశాడు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పైకి వచ్చిన పొడిని పదడుగులకో కుప్ప లెక్కన గట్టు మీద వరసగా పోయించాడు. ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం, ఆ కింద పసుప్పచ్చ గుల్లరాయి. 52 అడుగుల దగ్గర బండి చప్పుడే మారిపోయింది, పొడి తెల్లటి బూడిదలా లేచింది. అరచేతిలో వేసుకుని తడిపి టార్చి కొట్టి చూశాను. గాజుపెంకుల్లాంటి పలుగురాయి, మధ్యలో కాకిబంగారం తళుకులు. మా కనిగిరి గ్రానైటు! నేల లోపల కరిగిన రాయి పైకి రాకుండా అక్కడే నిదానంగా చల్లారితే ఇలా పలుకులు కడుతుంది. పైనున్న గుల్లరాయి కూడా ఆ బండ చివికి అయినదే. కేసింగ్ 55 దాకా దింపారు.

బండలో నీళ్లుండేది నెర్రెల్లోనే. 210లో చెమ్మ తగిలింది, 285లో రెండించుల నీళ్లు పడ్డాయి. చూడవచ్చినవాళ్లు ఇంకా దింపమని ఒకటే పోరు. డ్రిల్లరే 320కి ఆపేశాడు, కిందికి పోయేకొద్దీ బరువుకి నెర్రెలు మూసుకుపోతాయి, డబ్బు దండగన్నాడు. నిజమే. ఎంత దింపినా బండ అయిపోయేది కాదు, ఖండాల కింద భూమి పైనుండే ఈ రాతిపెంకు సగటున 35-40 కిలోమీటర్ల మందం. రష్యాలో కోలా దగ్గర 1970లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి తొలిచినా 12 కిలోమీటర్ల పైచిలుకులోనే ఆగిపోయారు. మాది వంద మీటర్లు కూడా లేదు.

ఒక్క లోటుంది. బురదనీళ్లకు ముందే కాలవ తీయలేదు, పక్క కందిచేలోకి పారింది. మేమే తెల్లారి పార పట్టుకుని ఎత్తిపోశాం.

బిల్లు ముందు చెప్పినట్టే వచ్చింది. వెళ్తూ వెళ్తూ, తాగేముందు ఫ్లోరైడు చూపించుకోమని చెప్పిపోయారు. ఆ మాట చెప్పినందుకు వాళ్లకి దండం పెట్టాలి. మా ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లు తాగి గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాణ్ణి. ఈ బండలోని ఖనిజాల్లోంచే ఆ ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మాకు 2.4 వచ్చింది. బత్తాయికి పారిస్తున్నాం, బిందెలో మాత్రం పట్టడం లేదు.