అరసవల్లిలో కిరణం కోసం రెండు తెల్లవారుజాములు

పెద్దమ్మకి 72 ఏళ్ళు. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద కిరణాలు పడటం ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. అందుకే సెప్టెంబరు 30న విశాఖలో ఆర్టీసీ బస్సెక్కి, రెండున్నర గంటల్లో శ్రీకాకుళం చేరాం. రైలైతే ఆమదాలవలసలో దిగి మళ్ళీ 13 కిలోమీటర్లు రావాలి. పెద్దవాళ్ళతో బస్సే నయం.

కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో గది శుభ్రంగా ఉంది. వేడినీళ్ళు మాత్రం ఆరింటికి గానీ రావట. మేం బయల్దేరాల్సింది మూడున్నరకి. సంగతి తెలిసి అక్కడి కుర్రాడు టీ పొయ్యి మీద బకెట్టెడు నీళ్ళు కాచి తెచ్చిచ్చాడు. ఆ బకెట్టు కోసమైనా మళ్ళీ అక్కడే దిగుతాను.

మొదటి రోజు నాలుగింటి నుంచి లైన్లో నిలబడ్డాం. ఆరవుతుంటే తూర్పున నల్లటి మబ్బు. అందరం స్వామికి వీపు పెట్టి మబ్బుకి దండాలు పెట్టాం. అది కదల్లేదు. "రేపు కూడా ఉంది బావూ, బెంగెట్టుకోకండి" అన్నాడు ఆటో అతను. శ్రీకూర్మం తీసుకెళ్ళి రానూపోనూ న్యాయంగానే పుచ్చుకున్నాడు. పడమటి ముఖంగా ఉన్న కూర్మనాథుణ్ణి, రెండు ధ్వజస్తంభాలను, ఆవరణలో ఆకుకూర నములుతున్న నక్షత్ర తాబేళ్ళను తీరిగ్గా చూశాం. అరసవల్లి వచ్చినవాళ్ళు ఇది వదులుకోకూడదు.

కిరణాలు మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో పడతాయని ప్రతీతి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి విషువత్తుకి పదిరోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకి ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత సూర్యుడు పొడిచే చోటు దాదాపు ఒకటే, సరిగ్గా తూర్పుకి కాస్త దక్షిణంగా. అందుకే ఏడాదికి రెండుసార్లు.

రెండో రోజు ఆకాశం తేటగా ఉంది. "మధ్యలోకి రాకండమ్మా, సామి మీద మీ నీడ పడిపోతాది!" అని గుడి మనిషి అరుస్తూనే ఉన్నాడు. అంతలో రాజగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా, ధ్వజస్తంభం పక్కనుంచి వెలుగు లోపలికి నడిచింది. ముందు గడప మెరిసింది. తర్వాత నల్లరాతి పాదాలు బంగారం పూసినట్టయ్యాయి. నాకు ఒళ్ళు జలదరించింది. పెద్దమ్మకి చూపిద్దామని పక్కకి తిరిగితే, ఆవిడ చేతులు జోడించి గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది!

"పెద్దమ్మా, కళ్ళు తెరువు!" అన్నాను. ఆదిత్య హృదయం మధ్యలో ఆపకూడదు కాబట్టి పూర్తిచేసే తెరిచింది. అప్పటికి వెలుగు జారిపోయింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ మాత్రం నవ్వుతూ, "వీపు వెచ్చబడింది రా నాన్నా. నన్ను దాటుకునేగా ఆయన దగ్గరికి వెళ్ళాడు" అంది.

ఆ మధ్యాహ్నం గది ఖాళీ చేస్తూ, మార్చి 8 రాత్రికి అదే గది కావాలని కుర్రాడితో చెప్పి వచ్చాం.