కాలు నిలుపుకోవడమా, తీయించుకోవడమా?

మా అమలాపురం వైపు కుర్రాడి మోకాలు వాస్తే "కబడ్డీలో బెణికిందిలే" అని నూనె రాసి మర్దనా చేస్తారు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి వారాలైనా తగ్గకపోతే మాత్రం ఎక్స్‌రే తీయించాల్సిందే. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా టీనేజీలో, మోకాలి చుట్టూనే వస్తుంది. ఖాయం చేసేది బయాప్సీ, అంటే గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం. దాన్ని రేపు ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరే చేయించుకోవడం మేలు; సూది దిగిన దారిని కూడా తర్వాత తీసేయాలి మరి.

సాధారణంగా ముందు కీమో (క్యాన్సర్‌ను చంపే మందులు), ఆపైన సర్జరీ, మళ్లీ కీమో. టెన్షనంతా సర్జరీ దగ్గరే.

కాలు ఉంచితే, గడ్డ ఉన్న ఎముక తీసి లోహపు కీలు వేస్తారు. సొంత పాదం నేలకు ఆనుతుంది. కానీ ఇన్ఫెక్షన్ భయం, కొన్నేళ్లకు కీలు అరిగితే ఇంకో ఆపరేషన్. చేను గట్ల మీద గెంతులు మానుకోవాలి.

కాలు తీస్తే మళ్లీ మళ్లీ కోతలు తక్కువ. కృత్రిమ కాలితో నడవొచ్చు, బురదలో కష్టమే. లేని పాదం నొప్పి పుట్టడం కొందరిని వేధిస్తుంది.

గడ్డను చుట్టూ మంచి కండతో సహా పూర్తిగా తీయగలిగితే, బతికే అవకాశం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. అందుకే నా ఓటు కాలు ఉంచడానికే. ప్రధాన నరాలు, రక్తనాళాలు గడ్డలో చిక్కుకుంటే మాత్రం పట్టుబట్టకండి.