జిప్సీ 1.3 ఇంజన్‌తో కిట్ కారు: చెలక దుమ్ములో, బోరు నీళ్లతో మూడు సీజన్లు

మారుతి జిప్సీలో 2000 నుంచి వచ్చిన 1,298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చల్లే) ఇంజన్‌ను లోటస్ సెవెన్ తరహా పైపు ఛాసీ కిట్ కారులో (భాగాలు తెచ్చి మనమే కట్టుకునే తేలిక బండి) మూడు సీజన్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. సగం వాడకం ఎర్ర చెలక మీద ఆటోక్రాస్ (మట్టి మీద టైము చూసే పోటీ), సగం తారు ట్రాక్. కంపెనీ లెక్కన 80 హార్స్‌పవర్. ఇంత తేలిక బండికి అది తక్కువేమీ కాదు, కాబట్టి పవర్ పెంచే పని ఆఖరున పెట్టుకోండి. నల్లగొండ, పాలమూరు వైపు ఈ ఇంజన్‌ను చంపేవి మూడు: మలుపులో ఆయిల్ అందకపోవడం, బోరు నీళ్లు, దుమ్ము. పైసలు ముందు వాటికే పోవాలి.

జిప్సీదే ఎందుకంటే, అందులో గేర్‌బాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) వేరు. రెంటినీ చిన్న షాఫ్ట్ కలుపుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు వదిలేసి గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు నేరుగా షాఫ్ట్ కట్టించుకోవచ్చు. ఎస్టీమ్‌లో ఇదే కుటుంబం ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ ముందు చక్రాలది. వెనక చక్రాలు తిప్పే బండికి అది పనికిరాదు.

పాత ఇంజన్ కొనేటప్పుడు మైలేజీ మాట నమ్మొద్దు, గేజ్ పెట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, నిండుగా చార్జయిన బ్యాటరీతో ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. ఒకటి తక్కువొస్తే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులైనా, గాస్కెట్టయినా పోయినట్టు. పక్కపక్క రెండు సిలిండర్లు ఒకేలా పడిపోతే ముందు హెడ్ గాస్కెట్‌నే అనుమానించాలి.

బోరింగ్‌కు ఇచ్చేటప్పుడు పిస్టన్లు లేత్ వాళ్ల చేతిలో పెట్టాకే సిలిండర్ బోరు కోయమనండి. ఓవర్‌సైజు పిస్టన్లన్నీ డబ్బా మీద రాసిన కొలతకు సరిగ్గా ఉండవు. హోనింగ్ (బోరు లోపల రాళ్లతో సన్న గీతలు పెట్టడం) అయ్యాక బ్లాకును పెట్రోల్‌తో తుడిచి ఊరుకుంటారు, అది చాలదు. రాయి పొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను అరగదీస్తుంది. వేడి సర్ఫ్ నీళ్లతో బ్రష్షు పెట్టి కడిగి, ఆరగానే ఆయిల్ రాసి, తెల్ల బట్టతో తుడవాలి. బట్టకు బూడిద రంగు అంటినంతసేపు మళ్లీ కడగాల్సిందే. 74 మి.మీ. బోరుకు పై రింగు గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య సందు) 0.30 నుంచి 0.35 మి.మీ. మధ్య పెట్టండి. రింగును బోరులో పెట్టి తలకిందుల పిస్టన్‌తో నెడితే సమంగా కూర్చుంటుంది, అప్పుడే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టాలి. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు తగిలి బోరును గీరేస్తాయి. కనెక్టింగ్ రాడ్ బోల్టులు ప్రతిసారీ కొత్తవే. వాటి దగ్గర పొదుపు చేస్తే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది.

ఇక ఆయిల్. జిప్సీ చాంబర్‌ను (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పెట్టె) అడవి బండి కోసం చేశారు, గట్టిగా పట్టే టైర్ల కిట్ కారు మలుపు కోసం కాదు. పొడుగాటి మలుపులో ఆయిల్ అంతా ఓ పక్క గోడెక్కుతుంది, ఆయిల్‌ను పంపుకు లాగే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. రెండు సెకన్లు చాలు, క్రాంక్‌ను మోసే షెల్ బేరింగ్ పైపొర అరిగి రాగి రంగు తేలుతుంది. పికప్ చుట్టూ రేకుతో గది కట్టించి, లోపలికే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించండి. ఆయిల్ లోపలికి వస్తుంది, వెనక్కి పోదు. పికప్‌కూ చాంబర్ అడుగుకూ మధ్య 6 నుంచి 8 మి.మీ. ఖాళీ ఉండాలి. ఖాళీ ఎంతుందో చూడటానికి పికప్ జాలీ మీద మైదా ముద్ద పెట్టి చాంబర్ బిగించి విప్పితే, నలిగిన ముద్ద మందమే ఆ ఖాళీ. అర లీటరు ఎక్కువ పోస్తే సరిపోతుందని కొందరంటారు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. డిప్‌స్టిక్ పై గీత దాటకండి.

కంపెనీ ఆయిల్ లైటు ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోయాకే వెలుగుతుంది. అప్పటికి బేరింగ్ పోయి ఉంటుంది. 1.5 బార్ దగ్గర పనిచేసే స్విచ్చు, కళ్ల ముందు పెద్ద ఎర్ర లైటు తప్పనిసరి. వేడి ఇంజన్‌లో ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 0.7 బార్ ఉంటే నిశ్చింత. మన మే నెల ఎండలో 10డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ కన్నా 15డబ్ల్యూ-50 బాగా నిలబడింది. థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ కూలర్ లేకుండా పది నిమిషాలకు మించి గట్టిగా తోలొద్దు. ఆయిల్ 130 డిగ్రీలు దాటితే వేగం తగ్గించి చల్లబరచాలి.

నీళ్ల సంగతి ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు, అయినా రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తున్నారు. సున్నం పొర ముందు హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ కడుతుంది, అక్కడే వేడి ఎక్కువ కాబట్టి. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగానే ఉంటుంది, లోపల అల్యూమినియం మాడుతుంటుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ టెక్నిక్ నీళ్లయినా వద్దు. అది ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నీటి కాఠిన్యం అలాగే ఉంటుంది. 70 పాళ్లు డిస్టిల్డ్ వాటర్, 30 పాళ్లు కూలెంట్ పోయండి. పాత ఇంజన్‌లో పొర ఉంటే లీటరుకు 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, 20 నిమిషాలు నడిపి, వెంటనే మూడుసార్లు కడగాలి. బాత్రూం యాసిడ్ మాత్రం పోయకండి, హెడ్‌నే తినేస్తుంది. కిట్ కారు ముక్కు కిందికుంటుంది గనుక రేడియేటర్ ఇంజన్ కన్నా దిగువన పడుతుంది, గాలి హెడ్‌లో చిక్కుకుంటుంది. అన్నిటికన్నా ఎత్తులో హెడర్ ట్యాంకు (కూలెంట్ పోసే చిన్న ట్యాంకు) పెడితేనే ఆ గాలి పోతుంది.

దుమ్ముకు నూనె పట్టించిన రెండు పొరల ఫోమ్ ఫిల్టర్ బాగా పనిచేసింది. ఆటోక్రాస్ అయిన ప్రతి రోజూ కడగాలి. ఫిల్టర్ కన్నా దాని తర్వాతి గొట్టం అతుకుల మీదే నా అనుమానం ఎక్కువ. గొట్టం లోపల వేలితో గ్రీజు పూయండి. పరుగు అయ్యాక అది ఎర్రగా మారి గరగరలాడితే ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతున్నట్టే. మిర్యాలగూడ వైపు మిల్లుల ఊక దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటుంది, వెనక నుంచి ముందుకు గాలి కొట్టి తీయాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చెమరుస్తాయి, అన్నీ మార్చండి. ఇథనాల్ కలపని పెట్రోల్‌కు సరైన గాలి-ఇంధన నిష్పత్తి 14.7 అయితే దీనికి సుమారు 13.6. పాత మ్యాపుతో నడిపితే ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం పలచబడి పిస్టన్ మాడుతుంది. ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (మిశ్రమం కొలిచేది) పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా (1 అంటే సరైన మిశ్రమం, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) 0.86 నుంచి 0.88 ఉండేలా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాప్ చేయించాలి. ఎన్‌జీకే ప్లగ్గయితే ఒక నంబరు పైది వేయండి, ఆ కంపెనీలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది.

పవర్ విషయానికొస్తే, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును మిషన్ మీద చెక్కడం) కొద్దిగా చాలు. కంప్రెషన్ నిష్పత్తి 9.5 ఉన్న ఇంజన్‌లో అర మిల్లీమీటరు తీస్తే లెక్క ప్రకారం సుమారు 10 అవుతుంది. తీసిన కొద్దీ హెడ్ కిందికి దిగి క్యామ్ టైమింగ్ వెనకబడుతుంది, అది సరిచేయడానికి సర్దుబాటు పుల్లీ కావాలి. స్ట్రోకు 75.5 మి.మీ. కాబట్టి 7,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.6 మీటర్లు. 6,500 నుంచి 7,500కు పెంచితే రాడ్ల మీద జడత్వ భారం మూడో వంతు పెరుగుతుంది. స్టాక్ రాడ్లతో 7,000 దగ్గర లిమిటర్ (ఆర్‌పీఎం అంతకు మించనివ్వనిది) పెట్టుకోమంటాను. ఆ పైన ఈ హెడ్ గాలి కూడా పెద్దగా మింగదు.

ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ గొట్టానికి, దాంతో వచ్చే ఆయిల్ పట్టుకోవడానికి కనీసం రెండు లీటర్ల క్యాచ్ ట్యాంకు ఉండాలి. ఇంజన్, ఛాసీ మార్చిన బండిని రోడ్డు మీద తోలితే బండిలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ట్రాకుకు ట్రెయిలర్ మీదే తీసుకెళ్లండి.

ప్రతి పోటీ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి చూడండి. మెరిసే రజను కనబడితే చాంబర్ దించాల్సిందే. టైమింగ్ బెల్టు సీజన్‌కొకటి. వానాకాలం బండి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి. ఈ20 గాల్లోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరి పంపును తుప్పు పట్టిస్తుంది. ప్లగ్గు రంధ్రాల్లో ఒక్కో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు బిగించి ఉంచితే దసరాకు లేపేటప్పుడు రింగులు అతుక్కోవు.