ఆన్‌లైన్‌లో చవగ్గా స్లో కుక్కర్ కొంటున్నారా? ముందు నీళ్లు పోసి పరీక్షించండి

అమెరికాలో ఉంటూ ఈ చలికాలానికి స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి మెల్లగా ఉడికించే కరెంటు కుండ) కొనాలనుకుంటున్నవాళ్లు, లేదా ఇప్పటికే కొని పెట్టె విప్పకుండా పక్కన పెట్టినవాళ్లు దయచేసి ఇది చదవండి. పెట్టె విప్పకపోవడమే నేను చేసిన పెద్ద పొరపాటు.

మేం మిషిగన్‌లో ఉంటాం. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే యాపిల్ తోటలే. పిల్లల్ని తీసుకెళ్లి చెట్టు మీంచి కోసుకోవడం, సంచి నిండాక పది రోజుల పాటు వాటినేం చేయాలా అని చూసుకోవడం. ఈసారి అత్తయ్య, మామయ్యగారు కూడా వచ్చారు. మామయ్యగారికి షుగర్. ఇక్కడివాళ్లు చేసే యాపిల్ పై, యాపిల్ క్రిస్ప్ లాంటి తీపి వంటకాల్లో వెన్న, బ్రౌన్ షుగర్ కప్పులకు కప్పులు పోస్తారు, ఆయనకు పెట్టలేం. అలాగని అందరూ తింటుంటే ఆయన ఒక్కరూ చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. అందుకే యాపిల్స్‌లో గింజల భాగం తీసేసి, లోపల ఓట్స్, వాల్‌నట్స్ కూరి స్లో కుక్కర్‌లో మెల్లగా ఉడికించే పద్ధతి చేద్దామనుకున్నాను. పైనుంచి చక్కెర అక్కర్లేదు, పండులో ఉన్న తీపే సరిపోతుంది.

దానికోసం సెప్టెంబరు రెండో వారంలో ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో, బయటి సెల్లర్ దగ్గర, ఆరు క్వార్ట్‌ల (దాదాపు ఆరు లీటర్ల) స్లో కుక్కర్ ఆర్డర్ చేశాను. సేల్‌లో 39 డాలర్లు. బూడిద రంగు, టచ్ బటన్లు, మూతకు రెండు పక్కలా క్లిప్పులు, టైమర్, టైమ్ అయిపోగానే దానంతటదే వార్మ్‌లోకి, అంటే వండింది వేడిగా ఉంచే సెట్టింగ్‌లోకి, వెళ్తుందని రాశారు. ఇంకో మాట కూడా ఉంది, 110 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని. అది చూసి అత్తయ్య "వెళ్లేటప్పుడు దీన్ని నేను గుంటూరు తీసుకెళ్తానమ్మా, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి పప్పు అయిపోతుంది" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పెట్టె వచ్చింది, గ్యారేజీలో పెట్టాను. యాపిల్స్ కోసుకొచ్చింది అక్టోబరు రెండో శనివారం. రిటర్న్ గడువు 30 రోజులు. నేను పెట్టె విప్పేసరికి 33వ రోజు.

ఆదివారం పొద్దున ఆరు హనీక్రిస్ప్ యాపిల్స్ కూరి, నిలబెట్టి, అడుగున అరకప్పు సైడర్ పోసి (ఇక్కడ తోటల్లో అమ్మే సైడర్ అంటే వడకట్టని యాపిల్ రసమే, మద్యం కలవదు), 'లో' (తక్కువ వేడి సెట్టింగ్) మీద మూడు గంటలు పెట్టి అందరం గుడికి వెళ్లాం. తిరిగొచ్చి గ్యారేజీ తలుపు తీయగానే మాడు వాసన. వంటింట్లోకి పరిగెత్తాను. టైమర్ అయిపోయి వార్మ్ అని చూపిస్తోంది, లోపల ఒక పక్కన మూడు యాపిల్స్ నల్లగా మాడి అడుగంటిపోయాయి, రెండో పక్కవి మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి, సైడర్ చుక్క కూడా మిగల్లేదు. ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కుండ చల్లారాక కడుగుతుంటే అడుగున వెంట్రుకంత పగులు కనిపించింది. ఇంట్లో ఎవరూ లేని సమయంలో అది అలా కాలుతూ ఉందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

మొదట నా తప్పేమో అనుకున్నాను, సైడర్ తక్కువ పోశానేమో అని. కానీ స్లో కుక్కర్‌లో ఆవిరి పెద్దగా బయటికి పోదు, మూతకి తగిలి మళ్లీ కిందికే కారుతుంది, అందుకే ఏ వంటకైనా నీళ్లు తక్కువే పోస్తాం. యాపిల్స్‌లో వాటి రసం వాటికుంది. మూడు గంటల్లో అంతా ఇగిరిపోయిందంటే వేడి ఉండాల్సినదానికంటే ఎక్కువుందన్నమాట.

యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ విభాగాలవాళ్లు (మామూలు జనానికి వంట, వ్యవసాయం లాంటివాటిలో సలహాలిచ్చేవాళ్లు) చెప్పే పరీక్ష ఒకటుంది, చాలా తేలిక. కుండలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నీళ్లు పోసి, మూత పెట్టి, లో మీద ఎనిమిది గంటలు ఉంచాలి. తర్వాత మూత తీసిన వెంటనే వంటింటి థర్మామీటర్ పెట్టి చూడాలి, ఆలస్యం చేస్తే వేడి తగ్గిపోతుంది. 185 నుంచి 200 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే కుక్కర్ బాగున్నట్టు. అంతకంటే తక్కువుంటే తిండి సురక్షితమైన వేడికి త్వరగా చేరదు, ఎక్కువుంటే ఇలా మాడుతుంది. పగులు కుండను దాటి వచ్చిందేమో అని ముందు ట్రేలో పెట్టి నీళ్లు పోసి చూశాను, చుక్క కారలేదు. అప్పుడు, నేను పక్కనే ఉండి, ఈ పరీక్ష చేశాను. (మీరు మాత్రం పగిలిన కుండతో చేయకండి, ఇప్పుడు ఆలోచిస్తే నేనూ చేయకుండా ఉండాల్సింది.) లో మీద ఎనిమిది గంటలయ్యాక నీళ్లు కళపెళా మరుగుతున్నాయి, అంటే 200 దాటిపోయినట్టే. తర్వాత వార్మ్‌లో పెట్టి రెండు గంటలాగి చూస్తే 121 డిగ్రీలు. వార్మ్‌లో కనీసం 140 ఉండాలి. 40 నుంచి 140 మధ్య బ్యాక్టీరియా తొందరగా పెరుగుతుంది, అందుకే ఇక్కడి వ్యవసాయ శాఖవాళ్లు దాన్ని డేంజర్ జోన్ అంటారు. అంటే ఈ కుక్కర్ 'లో' మీద పెడితే మాడుస్తుంది, వార్మ్‌లో పాడుచేస్తుంది. మాడింది కంటికి కనిపిస్తుంది కాబట్టి పారేస్తాం. వార్మ్‌లో ఐదారు గంటలున్న చికెనో పాయసమో అయితే ఏ తేడా తెలియకుండానే పిల్లలకు పెట్టేసేదాన్ని.

ఇక ఆ వోల్టుల సంగతి. బేస్ తిరగేసి చూశాను. అడుగున లేబుల్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 240 వాట్స్ అని ఉంది. 240 వోల్టులు అన్న మాటే లేదు! అత్తయ్య దీన్ని గుంటూరు తీసుకెళ్లి అక్కడి 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టుంటే అది మామూలు కంటే మూడున్నర రెట్ల పైన పవర్ లాగేది. ఇంకో విషయం, ఆ లేబుల్ మీద యూఎల్ గాని ఈటీఎల్ గాని గుర్తు లేదు. ఆ రెండూ ల్యాబ్‌లో భద్రతా పరీక్ష చేయించిన వస్తువుల మీద ఉండే గుర్తులు. సైట్‌లో పెట్టిన పదకొండు ఫోటోలూ మళ్లీ చూశాను, ఒక్కదాంట్లో కూడా అడుగు భాగం చూపించలేదు.

సెల్లర్‌కి మాడిన ఫోటోలు, థర్మామీటర్ ఫోటోలు పంపాను. గడువు దాటింది కదా అన్నారు. గట్టిగా రాస్తే 8 డాలర్లు ఇస్తాం, మీరు సైట్‌లో పెట్టిన రివ్యూ తీసేయండి అన్నారు. తీయనని చెప్పాను. ఆ రివ్యూ చదివి ఒక్కళ్లు ఆగినా నాకు చాలు. సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్ అని ప్రభుత్వ సైట్ ఉంది, కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్‌వాళ్లది, అందులో రిపోర్ట్ పెట్టాను, పావుగంట పట్టింది. క్రెడిట్ కార్డ్ వాళ్ల దగ్గర, డబ్బు వెనక్కి ఇప్పించమని డిస్ప్యూట్ కూడా వేశాను, ఇంకా తేల్లేదు.

కాబట్టి కొనేముందు అడుగు లేబుల్ ఫోటో ఉందా చూడండి, లేకపోతే సెల్లర్‌ని అడగండి, పంపకపోతే కొనకండి. ఇండియాకి తీసుకెళ్లాలనుకుంటే లేబుల్ మీద రాసిందే నమ్మండి, అసలు అక్కడే కొనుక్కోవడం మేలు. పెట్టె వచ్చిన వారంలోపే, ఏం వండకముందే, నీళ్ల పరీక్ష చేయండి.

మామయ్యగారికి యాపిల్ పెట్టానా అంటే, పెట్టాను. పక్కింటావిడ రమని అడిగితే వాళ్ల పాత కుక్కర్ ఇచ్చింది, గుండ్రటి నాబ్‌తో లో, హై, వార్మ్, అంతే. నీళ్లు పోసి చూస్తే 196 వచ్చింది. ఆరు యాపిల్స్‌కి అరకప్పు ఓట్స్, పావుకప్పు వాల్‌నట్ ముక్కలు, రెండు చెంచాల ఎండుద్రాక్ష, ఏలకుల పొడి, చెంచాడు నెయ్యి. మెకింతోష్ రకం వాడకండి, గుజ్జయిపోతుంది. హనీక్రిస్ప్, గ్రానీ స్మిత్ అయితే నిలబడతాయి. మూత కింద శుభ్రమైన బట్ట ఒకటి పరిస్తే ఆవిరి నీళ్లు పళ్ల మీద కారవు, బట్ట అంచులు మాత్రం పైకి మడిచి మూత మీద వేసేయండి. రెండున్నర గంటలకి సరిగ్గా అయ్యాయి. ఒక మామూలు యాపిల్‌లో 25 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది కాబట్టి ఆయనకి సగమే పెట్టాను, పైన గడ్డ పెరుగు వేసి. ఇంకో సగం అడిగారు కానీ ఇవ్వలేదు.

దాల్చినచెక్క పొడి వేసేవాళ్లు ఒక్కసారి ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) సైట్ చూసుకోండి. సీసం ఎక్కువున్న పొడుల బ్రాండ్ల పేర్లు 2024 నుంచి అందులో పెడుతున్నారు, మన ఇండియన్ స్టోర్లకి వచ్చే చవక ప్యాకెట్లు కూడా ఆ జాబితాతో పోల్చుకోవడం మంచిది.

నా కుక్కర్, పగిలిన కుండ, వచ్చిన అట్టపెట్టె అన్నీ గ్యారేజీలోనే ఉన్నాయి. కార్డ్ వాళ్లు అడిగితే చూపించాలి కాబట్టి పారేయలేదు. పిల్లలు పొరపాటున ప్లగ్‌లో పెట్టకుండా వైరు చుట్టి టేపు వేశాను. బూడిద రంగు, ఆరు క్వార్ట్‌లు, మూతకి క్లిప్పులు, 110–240 వోల్టులని రాసి ఉన్నది మీరూ కొనుంటే ఈ రాత్రికి దాంట్లో ఏం పెట్టకండి, ముందు తిరగేసి లేబుల్ చూడండి.